‘సీరియస్’ అనని మనిషి

అక్క పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది జబీన్. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. దోహాలో స్కూలు బస్సు ఎక్కిన మా పిల్లలకు ఆంటీ, వాళ్ళ తల్లులందరికీ అక్క. పేరు రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. జబీన్‌ది హైదరాబాద్. అక్కతో పాటే అదే బస్సు కంపెనీలో ఆయాగా చేస్తుంది, నజ్మా బస్తీలో అక్క గదిలోనే ఉంటుంది. తలుపు తీయగానే చెప్పులైనా విడవకుండా, గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

“అక్క గుజర్ గయీ భాభీ. నిన్న మధ్యాహ్నం, నిద్రల్నే. నేను నిన్ను కూర్చోమంటలేను, నీళ్ళు తాగమంటలేను. నాకు ముందే వార్నింగ్ ఇచ్చింది. ‘నేను సచ్చినంక ఎవలకన్న సీరియస్ ఉన్నదని చెప్పినవనుకో, లేచొచ్చి కొడ్త’ అన్నది. కొడ్తది గూడ. నీకు తెల్వదా!”

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఈ ‘సీరియస్’ గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఊళ్ళో మనిషి పోతే ఇక్కడున్నవాళ్ళకు పోయారని ఎవరూ చెప్పరు. ‘సీరియస్‌గా ఉంది, టికెట్ చేసుకొని రా’ అంటారు. అప్పటికి అక్కడ పాడె కట్టడం కూడా అయిపోయి ఉంటుంది. ఇక్కడ మనిషి పోతే ఊళ్ళోవాళ్ళకూ అదే మాట. సముద్రానికి అటూ ఇటూ మనవాళ్ళెవరూ చనిపోరు, అందరూ సీరియస్‌గా ఉంటారు. ఇంత దయగల జనం మరెక్కడా ఉండరని నా నమ్మకం.

అక్కకు ఒక్కతే కూతురు, బోధన్ అవతల పల్లెలో ఉంటుంది. కంపెనీ సూపర్‌వైజర్ నిన్న సాయంత్రమే అల్లుడికి విషయం చెప్పాడట. అల్లుడూ, అతని తల్లీ కూర్చుని లెక్క వేశారు. శవం రావడానికి వారమైనా పడుతుంది. ఇప్పుడే చెబితే పిల్ల వారమంతా ఏడుస్తుంది, పెట్టె ఇంటి ముందు దిగాక చెబితే ఒక్కరోజుతో సరిపోతుంది. మిగిలిన ఏడుపంతా ఆదా. అందుకని ఆ అమ్మాయికి ‘సీరియస్, ఐసీయూ’ అని చెప్పారు.

“ఫోన్ మీద ఫోన్ చేస్తుంది ఆ పోరి” అంది జబీన్. “‘ఆంటీ, అమ్మ చెవికాడ ఫోన్ పెట్టు, నా గొంతు ఇంటే లేస్తది’ అంటుంది. ఎవల చెవికాడ పెట్టాలె భాభీ? నా నోరు వస్తలేదు. నువ్వు చెయ్యి.”

“నేనా?”

“నువ్వే. నీకు గిసొంటి కబురు అక్కనే చెప్పింది గదా. ఒకసారి ఇన్నోళ్ళకే చెప్పొస్తది. నేను చాయ్ పెడ్త.”

ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెప్పాల్సింది రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలకూ ముందు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది, గొంతు సర్దుకోవాలనిపించింది, పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చి రావాలనిపించింది. ఆ కాసేపట్లో నా కళ్ళ ముందు తిరిగినదే ఇది.

అల్ అజీజియాలో ఒక విల్లాను గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చిన చోట మేముంటాం. మాది వెనక ముక్క. మా అబ్బాయి ఎల్‌కేజీలో చేరిన కొత్తలో, పొద్దున్నే బస్సు గేటు ముందు ఆగేసరికి వాడు నా కుచ్చిళ్ళు పట్టుకుని ఏడ్చేవాడు. నేను ‘ఏడవకు నాన్నా’ అంటూ వాడికంటే ఎక్కువ ఏడ్చేదాన్ని. ఒకరోజు బస్సు మెట్టు మీంచి ఒక గొంతు వినిపించింది.

“ఏం పిల్లా, మీ ఇద్దర్ల ఎవర్ని ఎక్కించుకోవాలె?”

యాభై దాటిన పొట్టి మనిషి. కంపెనీ ఇచ్చిన నీలం కోటు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. నుదుట బొట్టు లేదు, ముఖాన నవ్వు లేదు.

“నువ్వు ఇంట్లకు పో. నువ్వు కనవడ్డంత సేపు ఏడుస్తడు. నీకోసం అనుకుంటున్నవా? నీ మొహం జూసి బుగులుపడి ఏడుస్తుండు.”

వాణ్ణి చంకనేసుకుని వాడితో మాత్రం వేరే మాట అంది. “ఏడువు బిడ్డా, మంచిగ ఏడువు. రౌండబౌట్ దాక నీ ఇష్టం. రౌండబౌట్ దాటినంక నా ఇష్టం.”

ఆ బస్సులో అదే చట్టం. ఏడవద్దని అక్క ఏ పిల్లకూ చెప్పలేదు. ఎక్కడిదాకా ఏడవాలో చెప్పేది, అంతే. ఏడుపు మిగిలిపోయిన పిల్లలకు ఇంకో రౌండబౌట్ మంజూరు చేసేది. వాంతి చేసుకున్న పిల్లవాణ్ణి తన కోటుతోనే తుడిచి, ఇంటి దగ్గర దింపుతూ తల్లికి లెక్క అప్పజెప్పేది. “మీవోడు పొద్దుగాల తిన్న నూడుల్స్ మొత్తం నాకిచ్చిండమ్మా. రేపు ఇడ్లీ పెట్టు, జర తుడుసుడు అల్కగైతది.” దోహాలో రౌండబౌట్లు ఒక్కొక్కటే తీసేసి సిగ్నళ్ళు పెడుతుంటే ప్రయాణం తొందరగా అవుతోందని ఊరంతా సంతోషించింది. అక్క ఒక్కతే “పోరగాండ్లు ఏడ్చే జాగలన్ని తవ్వుతుండ్రు” అని గొణిగేది.

ఆమెను ‘బాగున్నారా’ అని అడగడం పెద్ద సాహసం. ఇక్కడ మనమంతా ఇంటికి ఫోన్ చేసి ‘బాగున్నాం’ అంటాం. జీతం మూడు నెలలు రాకపోయినా, వేలు మిషన్‌లో పడి నలిగినా బాగుంటాం. అక్క అలా కాదు. అడిగిన పాపానికి పూర్తి జవాబిచ్చేది. “బాగలేను. మోకాలు గుంజుతుంది. పైగదోడు రాత్రంత మంచం జరుపుతుండు. నువ్వెట్లున్నవ్? బాగున్ననంటవ్ గని, కండ్ల కింద గా నలుపేంది?” అడిగినవాళ్ళకు డ్యూటీ టైమ్ గుర్తొచ్చేది.

ఆమె బుద్ధుణ్ణి నమ్మిన మనిషి. మా సత్సంగం మేడమ్‌కు ఇది తెలిసినప్పుడు ఎంతో ముచ్చటపడింది. మేడమ్‌ది కాకినాడ, వాళ్ళాయన పెద్ద ఇంజినీరు, మా తెలుగు ఆడవాళ్ళ శుక్రవారం సత్సంగం ఆమె చేతి మీదుగా నడుస్తుంది. ‘కరుణాసాగరం’ అని ఆమెదొక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే అందులో తామర పువ్వు, సూర్యోదయం, కళ్ళు మూసుకున్న బుద్ధుడు, కింద కరుణ మీద ఒక మంచి మాట వస్తాయి. అదే ఫోన్‌లో కాసేపటికి వాళ్ళ పనమ్మాయిని ‘నీకు సెలవెందుకు, నువ్వేం పని చేస్తున్నావని’ అని అడిగే వాయిస్ మెసేజ్ కూడా వెళుతుంది. రెండూ ఆమె స్వరమే, నేను విన్నాను.

“అయితే మీరు బుద్ధిజమా! మెడిటేషన్ చేస్తారా?” అని అడిగింది మేడమ్ ఒక శుక్రవారం.

“మాది ఆ బుద్ధుడు కాదమ్మా. మాది బావికాడి బుద్ధుడు.”

“అంటే?”

“ఊర్ల బావి ముట్టనియ్యకపాయె. మా తాతల నాడు పేట పేటంత ‘మీ బావి మీ దేవుడు మీరే ఉంచుకోండ్రి’ అని ఆయన్ని తెచ్చుకున్నరు. నీళ్ళ కోసం వచ్చిండు. ధ్యానం గీనం తర్వాత నేర్సుకున్నం, టైమ్ దొరికినోళ్ళం.”

మేడమ్ “ఓహో” అని, టీ గ్లాసు కొంచెం దూరం జరిపి, మాట మార్చింది. ఆ జరపడం అలవాటు ప్రకారం జరిగి ఉంటుంది. అపార్థం చేసుకోవడం నా తప్పు.

అక్కకు శాస్త్రమేమీ రాదు. బుద్ధుడు నాలుగు సత్యాలు చెప్పాడంటారు కదా, అవేమిటి అక్కా అని ఒకసారి అడిగాను. “ఒకటి, దుఃఖం ఉన్నది. రెండు, దానికో కారణం ఉన్నది. మూడు, పోతది. నాలుగోది యాదికి లేదు” అంది. నాలుగోదే కదా ఎలా పోతుందో చెప్పేది అన్నాను. “మొదటిదే ఒడుస్తలేదు పిల్లా, నాలుగోదాని దాక యాడ పోత?”

వాళ్ళ గదిలో మూడో మనిషి శ్రీలంక ఆమె. ఆమె రోజూ పొద్దున్నే బుద్ధుడి బొమ్మ ముందు గ్లాసుడు నారింజ రసం పెట్టి దండం పెడుతుంది. అక్క దాన్ని చూసి “రోజు తీపి తాపుతున్నవు, ఆయనకు షుగర్ వస్తది” అనేది. ఆమె సెలవు మీద ఊరెళ్ళిన నెల మాత్రం ఆ గ్లాసు రోజూ నిండుగానే ఉండేదని జబీన్ చెప్పింది. ఎవరు పెట్టారని అడిగితే అక్క గోడవైపు తిరిగి పడుకునేది.

ఇంతా చేసి మహాత్మురాలేమీ కాదు. ఏసీ రిమోట్ మీద జబీన్‌తో నెలరోజులు మాటలు మానేసిన మనిషి. సకల ప్రాణుల మీదా ఉన్న కరుణ ఏసీ పదహారు డిగ్రీల దగ్గర గడ్డకట్టేది. మా ఇంటికొస్తే ఆవకాయ జాడీ అడుగు చూడకుండా పోయేది కాదు. బాగుందని మాత్రం చచ్చినా అనేది కాదు. “ఆవాలు ఎక్కువైనయ్” అంటూ మూడోసారి వడ్డించుకునేది.

ఇక ఆ శుక్రవారం. రెండేళ్ళ కిందట, మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. సత్సంగంలో నా వంతు రావడమే మహాభాగ్యం. వెనక ముక్కలో ఉండేవాళ్ళ ఇంటికి పెద్దవాళ్ళు రావడానికి కొంత సమయం పడుతుంది కదా. పూజారి గారు రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో. ఆయన ఉన్న ఫోన్‌ను కలశం పక్కన బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టాం.

ఆ తెల్లవారుజామునే జగిత్యాలలో మా బాపు పోయాడు. బడి మొహం చూడని నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించినవాడు. ఇవాళ నేను ఇది రాస్తున్నానంటే ఆ వేళ్ళ పుణ్యమే. మా అన్న నాకు కాదు, మా ఆయనకు ఫోన్ చేశాడు. “చెల్లె వస్తదా బావా? వస్తనంటే ఐసు పెట్టె తెప్పించి రేపు పొద్దటి దాక ఆపుతం. రానంటే ఇయ్యాల్నే తీస్తం.” మా ఆయన ఏ కష్టమొచ్చినా ‘చూసి చెప్త’ అనే మనిషి. అదే అన్నాడు. తర్వాత ఏం చేయాలో తోచక మేడమ్‌కు ఫోన్ చేశాడు. ఆమె ఏమందో తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

“చూడండి, ఆవిడ విననంతసేపూ మైల లేదు. విన్నప్పుడే మైల. అన్నీ సిద్ధం చేసుకున్నాక వ్రతం ఆపితే అరిష్టమండీ. పన్నెండున్నరకల్లా హారతి అయిపోతుంది. భోజనాలయ్యాక నెమ్మదిగా ‘సీరియస్’ అని చెబుదాం. మీరు మాత్రం మొహం అలా పెట్టకండి, ఆవిడకు అనుమానం వస్తుంది.”

హైదరాబాద్ విమానం మధ్యాహ్నం ఉంది. పది గంటలకు ఇల్లు కదిలితేనే అందుతుంది. అంటే నేను బాపు ముఖం చూడడమా, చూడకపోవడమా అన్నది హారతి కంటే ముందే తేలిపోవాలి. ఆ సంగతి నాకొక్కదానికే తెలియదు.

ఆ పొద్దున నన్ను అందరూ చూసుకున్నంత ప్రేమగా నా పెళ్ళినాడు కూడా ఎవరూ చూసుకోలేదు. ఒకామె నా ఫోన్ తీసుకుని “ఫోటోలు నేను తీస్తాగా, నీకెందుకు శ్రమ” అంది. ఒకామె నా చేత పని చేయనివ్వలేదు. మేడమ్ నా గడ్డం పట్టుకుని “ఈ చీరలో లక్ష్మీదేవిలా ఉన్నావమ్మాయ్” అంది. అదే చీరను ఉగాదికి కర్టెన్ గుడ్డలా ఉందన్నది. నాకు అనుమానం రావాలి. రాలేదు. నా మంచితనం ఇన్నాళ్ళకు అందరికీ తెలిసివచ్చిందని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ పీట మీద కూర్చున్నాను.

అక్క పూజకు రాదు, ప్రసాదానికి వస్తుంది. “దేవుడు మీ ఓడు, రవ్వ అందరిది” అనేది. ఆ రోజు వంటింట్లో రవ్వ వేయిస్తోంది. మంచినీళ్ళకని మా ఆయన లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడట.

“ఏందయ్యా, ఫ్రిజ్జుకేం జెప్పుకుంటున్నవ్?”

ఆయన చెప్పాడు. అక్క పొయ్యి ఆపింది. అడుగంటకుండా గిన్నె కిందికి దించింది. చేతులు కడుక్కుంది. వచ్చి నా ఎదురుగా, కలశం పక్కనే కూలబడింది.

“పిల్లా, ఇటు సూడు. మీ బాపు పోయిండు. తెల్లారంగ పోయిండు. సీరియస్ లేదు, ఏం లేదు. పోయిండు. నువ్వొస్తనంటే మీ అన్న ఆపుతనంటుండు. ఇప్పుడు లేస్తే ముఖం జూస్తవ్, లేకుంటే ఫోటో జూస్తవ్.”

గదిలో ఎవరూ కదల్లేదు. బియ్యం డబ్బాకు ఆనుకున్న ఫోన్‌లోంచి పూజారి గారు “అమ్మా, అక్షతలు వేశారా? హలో? మీ బొమ్మలు ఆగిపోయాయమ్మా. నెట్టు పోయిందా?” అంటున్నారు.

ముందు తేరుకున్నది మేడమ్. “ఏవిటండీ మీరు! కంకణం కట్టుకుని కూర్చున్న మనిషితో అనే మాటేనా? కొంచెమైనా కరుణ ఉండక్కర్లేదా?”

“ఉన్నదమ్మా. అందుకే పన్నెండున్నర దాక ఆగలే.”

“మరి ఈ పూజ ఏం కావాలి?”

“మీరు చేసుకోండ్రి. దేవుడు యాడికి పోడు, మీ ఫోటోలు యాడికి పోవు. ఈమె బాపే ఆగడు. అయినా సత్యం పేరున్న దేవునికాడ గా ఒక్క సత్యం దాసిపెట్టి మిగిలినయన్ని సదువుతరా?”

పూజారి గారికి అప్పటికి సంగతి అర్థమైనట్టుంది. “తండ్రి పోయారా? ఎవరికి, ఆ అమ్మాయికా? అయ్యో, లేవమ్మా, లే! కలశం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు బయల్దేరు తల్లీ” అన్నారు. ఆ గదిలో శాస్త్రం చదువుకున్న మనిషి ఆయనొక్కరే. ఆయన్ను మాత్రం పొద్దుటి నుంచి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

కంకణం ముడి రాకపోతే అక్క పంటితో తెంపింది.

కారులో నా పక్కన ఆమే కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. అక్క నా చెయ్యి పట్టుకోలేదు, తల నిమరలేదు. తన సంచిలోంచి చపాతీ తీసి “తిను” అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

“మా ఆయనప్పుడు నాకు గిట్లనే సీరియస్ అన్నరు. నిజామాబాద్ దవఖానల ఉన్నడు, చలి పెడ్తుందంటుండు అన్నరు. నేను నజ్మల దుకాన్లన్ని తిరిగి పెద్దపులి బొమ్మ రగ్గు కొన్న. మోయలేక మోసుకపోయిన. ఊర్ల దిగేసరికి ఆయన్ని తీసుడు, మూడొద్దుల దినం గూడ అయిపోయింది. ఎవలికిరా చలి అని అడిగితే ఫోన్ చేసినోడు తలకాయ దించుకున్నడు. మంచోడే పాపం. నన్ను ఏడ్వకుంట పంపియ్యాలని జూసిండు. నేను ఏడ్వకుంటనే పోయిన. ఇమానంల నవ్వుకుంట గూడ పోయిన, పులిని జూస్తే మా ఆయన ఉలిక్కిపడ్తడని.”

కారు నడుపుతున్న మా ఆయన అద్దంలోంచి చూసి, చూపు తిప్పుకున్నాడు.

“ఆ రగ్గు ఏమైంది అక్కా?” అన్నాను.

“నేనే కప్పుకుంటున్న. జబీను ఏసీ పదహార్ల పెడ్తది గదా.”

ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు ఆమె నాకు చేసిన ధర్మబోధ ఇది. “పాస్‌పోర్ట్ కాడ ఏడ్వకు, కెమెరా నిన్ను గుర్తుపట్టది. ఇమానం ఎక్కినంక ఏడువు. టికెట్ పైసల్ల అది గూడ ఉంటది.”

మర్నాడు తెల్లవారుతుండగా ఇల్లు చేరాను. అన్న ఆపాడు. ఐసు పెట్టె అద్దం మీద చెమ్మ తుడిచి బాపు ముఖం చూశాను. గడ్డం చేయలేదెందుకని అన్నతో పోట్లాడాను. చల్లబడ్డ ఆయన కుడిచెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నా జీవితంలో దేవుడు నాకిచ్చినవాటిలో ఆ కాసేపు అన్నిటికంటే పెద్దది. ఇచ్చింది దేవుడే, సందేహం లేదు. తెచ్చింది మాత్రం ఆయన్ను పూజించని మనిషి.

తిరిగొచ్చాక స్వీట్ డబ్బా పట్టుకుని నజ్మా వెళ్ళాను. “చెడ్డ కబురు చెప్పినందుకు మిఠాయి తెచ్చినోళ్ళని నిన్నొక్కదాన్నే జూసిన” అంది. డబ్బా మాత్రం తీసుకుంది. ఆ వారమే నన్ను ‘కరుణాసాగరం’ గ్రూపులోంచి తీసేశారు. వ్రతభంగం చేసిన ఇంటి అరిష్టం మిగతా ఇళ్ళకు అంటకూడదని మేడమ్ ముందుచూపు. పెద్దమనసుతో చేసిన పని, నేనేం తప్పు పట్టను. అక్కకు చెబితే “సముద్రం ఒడ్డుకేసిందన్నమాట. ఇగ ఆరిపో” అంది.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఆ తర్వాత ఎక్కడెక్కడివాళ్ళో అక్కకు ఫోన్ చేయడం మొదలైంది. ‘మా రూమ్మేట్ వాళ్ళమ్మ పోయింది, మాకు నోరు రాదు, మీరొచ్చి చెబుతారా?’ అక్క తిట్టేది. “నేనేమన్న యమధర్మరాజు పీయేనా?” అనేది. శుక్రవారం పొద్దున్నే తయారై కూర్చునేది.

ఒకసారి మా కారులో ఆమెను అల్ షహానియా తీసుకెళ్ళాం. ఒంటెల ఫారంలో సిరిసిల్ల మనిషి ఒకడు పనిచేస్తున్నాడు. భార్య పోయి రెండు రోజులైంది. గదిలోవాళ్ళు అతని ఫోన్‌లోంచి సిమ్ తీసి దాచి, నెట్‌వర్క్ లేదని చెబుతున్నారు. అక్క వెళ్ళి సూటిగా చెప్పింది. అతను ఏడవలేదు. బకెట్ తీసుకుని ఒంటెలకు నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి, తాగేసినవాటికి మళ్ళీ. ఎండ మాడిపోతోంది. కారులోకి రా అక్కా అన్నాను. రాలేదు. గోడవారన జానెడు నీడలో అలాగే కూర్చుంది. చివరికి అతను బకెట్ పక్కన పెట్టి వచ్చి, ఆమె ముందు కూలబడి, “నేనిప్పుడేం జెయ్యాలె అక్కా?” అన్నాడు.

“నాకు తెల్వది” అంది అక్క. “నేను ఈడ్నే కూసుంట.”

అప్పుడు ఏడ్చాడు. ఆమె చెప్పులో ఇసుక దులుపుకుంటూ కూర్చుంది. ఏడవద్దనలేదు, ఊరుకోమనలేదు. తిరిగొస్తూ మాత్రం దారంతా మమ్మల్ని సాధించింది, కారులో నీళ్ళ సీసా ఎందుకు పెట్టుకోలేదని.

జబీన్ టీ తెచ్చి నా ముందు పెట్టింది. “చల్లారిపోతది” అంది. టీ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. నేను నంబరు నొక్కాను. మొదటి రింగుకే ఎత్తింది అక్క కూతురు.

“ఎవలు? జబీన్ ఆంటీనా?”

“కాదు బిడ్డా. నేను దోహ నుంచే, మీ అమ్మ దోస్తును.”

“అమ్మ చెవికాడ పెడ్తున్నరా ఫోన్?”

‘సీరియస్’ అన్న మాట నా నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఎంత మెత్తని మాటో అప్పుడు తెలిసింది. ఆ ఒక్క మాట అనేసి, దేవుణ్ణి నమ్ముకోమని చెప్పి, ఫోన్ పెట్టేయవచ్చు. తర్వాత సంగతి పెట్టె చూసుకుంటుంది.

“మీ అమ్మ పోయింది బిడ్డా. నిన్న మధ్యాహ్నం, నిద్రల. ఐసీయూ లేదు, ఏం లేదు. పోయింది.”

అటువైపు ఎవరిదో కుక్కరు కూత పెట్టి ఆగింది.

“నాకెరుకే” అంది. “నిన్నటి సంది మా అత్త నన్ను చీపిరి ముట్టనిస్తలేదు. మా ఆయన చాయ్ పెట్టి తెచ్చిచ్చిండు. పెండ్లయినప్పటి సంది లేని చాయ్. అప్పుడే అనుకున్న.” వెంటనే అడిగింది. “తిన్నదా? పండుకునే ముందు అన్నం తిన్నదా?”

నాకు తెలియదు. ఫోన్ జబీన్‌కిచ్చాను.

“తిన్నది బేటా. నా డబ్బల ఖిచ్డీ మొత్తం తిన్నది. తిని, ‘ఉప్పు తక్వ, నీకు ఈ జల్మల వంట రాదు’ అని తిట్టి పండుకున్నది. జవాబియ్యనీకె నాకు టైమ్ గూడ ఇయ్యలే.”

ఫోన్‌లోంచి ఒక నవ్వు వచ్చింది. అది సగంలో విరిగి ఏడుపైంది. పెద్ద ఏడుపు, ఇల్లంతా వినపడేలాంటిది. వెనకనుంచి ఒకావిడ “అయ్యో, ఎవల్రా చెప్పింది! ఎవల్రా ఆ పాపిష్టోళ్ళు!” అని అరుస్తోంది. మేమే. జబీనూ నేనూ ఫోన్ మధ్యలో పెట్టుకుని ఇటుపక్క కూర్చున్నాం. ఫోన్ పెట్టేయలేదు.

కాసేపటికి ఆ పిల్ల ముక్కు చీదుకుని అడిగింది. “పెట్టె మూసేస్తరట గదా. ఊర్ల తెరవనియ్యరట. నేను మా అమ్మ ముఖం ఎట్ల జూడాలె?”

“మూసేటప్పుడు జబీన్ ఆంటీని పిలుస్తమని కంపెనీవాళ్ళన్నరట. మేమిద్దరం పోతం. నీకు వీడియో చేస్త. ఎంతసేపు జూస్తనంటే అంతసేపు పట్టుకుంట” అన్నాను. చెప్పాక తెలిసింది, నేనూ అక్కలాగే పక్కన కూర్చునే పనికి ఒప్పుకున్నానని.

ఇది చదివాక అక్కను తలచుకోమని మిమ్మల్ని అడగను. అడిగితే ‘సచ్చినదానికి మీ తలపులతోటి పనేంది’ అంటుంది. కాని బోధన్ అవతల ఒక ఇంట్లో ఒక ఆడపిల్ల, ఏడుస్తోందని చుట్టూ అందరూ కోప్పడుతుండగా, అమ్మ ముఖం చూడడానికి ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తోంది. మీ దీపం ముందో, మీ నమాజులోనో, ఏదీ లేకపోతే బస్సులో కిటికీ పక్కనో, ఆ పిల్లను ఒక్కసారి తలచుకోండి.